నేను కెనడా ప్రధానమంత్రినైన పూట

కెనడా దేశాన్ని నేను పదకొండు నిమిషాలు పరిపాలించాను. నవ్వకండి. తూర్పు జర్మనీలో, కాట్‌బస్ అనే ఊళ్ళో, ఒక క్లాసు రూములో, యాభై అరవై మంది సాక్షుల ఎదుట జరిగిన సంగతి. ఆ పదకొండు నిమిషాల్లో కెనడాకు ఏ నష్టమూ రాలేదు. నా వీసా, నా స్నేహితురాలి ఉద్యోగం, మా బావ మనశ్శాంతి మాత్రం ఒకేసారి గాల్లో కలిసిపోయే పరిస్థితి వచ్చింది. ఇంత తక్కువ పదవీకాలంలో ఇంతమందిని ముంచబోయిన ప్రధాని ఇంకొకడు ఉంటాడని నేననుకోను.

అప్పట్లో నేను మాస్టర్స్ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. సబ్జెక్టు కరెంటు, గ్రిడ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. అయితే మా చదువులో ఒక మెలిక ఉండేది. సొంత సబ్జెక్టుతో సంబంధం లేని పాఠం ఒకటి ప్రతివాడూ పాసవ్వాలి. దాన్ని నేను పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళే పనిలా వాయిదా వేస్తూ వచ్చాను. ఇంతలో నా రెసిడెన్స్ పర్మిట్ గడువు దగ్గరపడింది. పొడిగింపు కోసం విదేశీయుల ఆఫీసుకు వెళ్తే, అక్కడి ఆవిడ నా మార్కుల కాగితాన్ని సంతలో దొండకాయలు ఏరినట్టు వరస వరసా చూసి, ఒక చోట వేలు ఆపింది.

"ఇది ఎందుకు ఖాళీగా ఉంది?"

"చేస్తానండి, ఈ సెమిస్టర్‌లోనే."

"తర్వాతి టెర్మిన్‌కి వచ్చేటప్పటికి ఇది నిండి ఉండాలి. లేకపోతే ఆలోచించాల్సి ఉంటుంది."

టెర్మిన్, అంటే వాళ్ళిచ్చే అపాయింట్‌మెంట్, సరిగ్గా నాలుగు వారాల్లో ఉంది. "ఆలోచించాల్సి ఉంటుంది" అని జర్మన్ ఆఫీసులో ఎవరైనా అంటే, వాళ్ళు అప్పటికే ఆలోచించేశారని అర్థం. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించడం మానేసింది. రాత్రి పడుకుంటే కలలో ఆవిడ వేలు కనిపించేది. ఆవిడ కాదు, వేలొక్కటే.

వెతగ్గా వెతగ్గా నాలుగు వారాల్లోపు ముగిసే పాఠం ఒక్కటే దొరికింది. భాషల విభాగం వాళ్ళు నడిపే వక్తృత్వం క్లాసు. రెండు వారాలు చదువు, చివర్న ఒక ఉత్తుత్తి పార్లమెంటు. ఇద్దరిద్దరు జతగా చేరాలి, ఇద్దరికీ కలిపి ఒకటే మార్కు. ఏటా ఒక దేశాన్ని తీసుకుంటారట. ఆ ఏడు కెనడా వంతు. అప్పుడు అక్కడ కన్సర్వేటివుల ప్రభుత్వం నడుస్తోంది. మాట్లాడేది ఇంగ్లీషులో. టీచరమ్మ ఫ్రౌ లిండ్నర్ పంపే సూచనలు మాత్రం జర్మన్‌లో.

నాకు జతగా చేరింది హారిక. కరీంనగర్ అమ్మాయి, నా క్లాస్‌మేట్. మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఒక మీడియా కంపెనీ ఆ అమ్మాయికి ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి దాదాపు ఒప్పుకుంది. మిగిలిన పాఠాలన్నీ పూర్తయినట్టు కాగితం చూపించాలని ఒకే ఒక్క షరతు పెట్టింది. హారికకు మిగిలింది కూడా ఇదొక్కటే.

"చూడు సుధీర్," అంది మెన్సాలో, అంటే మా యూనివర్సిటీ క్యాంటీన్‌లో, ట్రే ముందు పెట్టుకొని. "నువ్వు మంచిగ మాట్లాడ్తవ్ అని నీతోని జత కట్టిన. ఇది పోయిందంటే నా ఇంటర్న్‌షిప్ పోతది. ఇజ్జత్ తియ్యకు."

"నేనున్నానుగా!" అన్నాను.

పాఠకులు గమనించాలి. నా జీవితంలో ఈ మాట ఎప్పుడెప్పుడు అన్నానో అప్పుడల్లా ఎదుటివాళ్ళు పరుగెత్తి ఉండాల్సింది.

మొదటి క్లాసులో ఎవరు ఏ పక్షమో పంచిపెట్టారట. "అట" అని ఎందుకంటున్నానంటే, ఆ పూట నేను పర్మిట్‌కి ఫోటో తీయించుకోవడానికి వెళ్ళాను. హారికను అడగొచ్చు కదా అంటారేమో. అడిగాను కూడా. "మెయిల్ల అన్నీ వస్తయట, సదువుకో. మెయిన్ స్పీచ్ నీది, తర్వాత క్వశ్చన్స్ వస్తే నేను చూసుకుంట" అని చెప్పి, ఇంటర్వ్యూ చివరి రౌండ్ కోసం ఉంటర్‌ఫ్యోరింగ్ రైలెక్కింది.

మిగతా క్లాసుల్లో ఎలా నిలబడాలో, గొంతు ఎలా ఎత్తాలో నేర్పారే తప్ప, పక్షాల ఊసు రాలేదు. మెయిల్ వచ్చింది. అంతకు నెల ముందే నేను జర్మన్ ఏ-టూ పరీక్ష పాసయ్యాను. ఏ-టూ అంటే, బ్రెడ్డు కొనగలడు, రైలు ఆలస్యమైతే ఆలస్యమైందని తెలుసుకోగలడు, ఎందుకు ఆలస్యమైందో మాత్రం తెలుసుకోలేడు. అయినా నా పొగరు నాది. ఫోన్‌లో డిక్షనరీ తెరవడం అవమానం అనుకున్నాను.

మా జత చేయాల్సిన పని ఒకే వాక్యంలో ఉంది. "దీ క్రిటీక్ ఆన్ డేర్ రెగీరుంగ్స్‌పార్టై జురూక్‌వైజెన్." క్రిటీక్ అంటే విమర్శ, తెలుసు. రెగీరుంగ్స్‌పార్టై అంటే పాలక పార్టీ, అదీ తెలుసు. పాలక పార్టీ మీద విమర్శ! ఇక చివరి మాట. అందులో 'జురూక్' అంటే వెనక్కి అని రైల్వే ప్లాట్‌ఫాం మీద విని ఉన్నాను. రాసింది వెనక్కి పంపమంటున్నారు కాబోలు అనుకొని లాప్‌టాప్ మూసేశాను.

ఇక్కడ నా సిగ్గు మీ ముందు పెడుతున్నాను. నేను తెలుగువాణ్ణి. క్రియ వాక్యం చివర్న వచ్చే భాషలో పుట్టి పెరిగినవాణ్ణి. "అన్నం" దగ్గర ఆగిపోతే, తిన్నాడో, పారేశాడో, వండనే లేదో తెలియదని ఉగ్గుపాల నాడే తెలిసినవాణ్ణి. అలాంటివాణ్ణి అయ్యుండీ చివరి మాట కోసం ఆగలేదు. ఆ చివరి మాటకు అర్థం తిప్పికొట్టడం. పాలక పార్టీ మీద వచ్చిన విమర్శను తిప్పికొట్టాలి. అంటే మేమే పాలక పార్టీ.

అది తెలియని నేను హుషారుగా మా రాంబాబు బావకు ఫోన్ చేశాను. రాంబాబు బావ మా పెద్ద మేనమామ కొడుకు. తెనాలి నుంచి వెళ్ళి టొరంటో పక్కన స్థిరపడ్డాడు. అక్కడి ప్రతిపక్షం తరఫున ఖాళీ దొరికినప్పుడల్లా ఇంటింటికీ తిరిగి తలుపులు కొడుతుంటాడు. శనివారం మాకు మధ్యాహ్నం, వాళ్ళకు కాఫీ వేళ.

"బావా, కెనడా ప్రభుత్వాన్ని తిట్టాలి. నాలుగు పాయింట్లు చెప్తావా?"

అటు వైపు కుర్చీ లాక్కున్న శబ్దం.

"ఒరేయ్, నిజంగానే అడుగుతున్నావా? మా ఆవిడ ఈ మాటలు వినడం మానేసి రెండేళ్ళయిందిరా."

"కాలేజీ పని బావా. మార్కులున్నాయి."

"పెన్నుందా? ఇంకోటి కూడా దగ్గర పెట్టుకో. రాసుకో. వాళ్ళకి ప్రశ్నలంటే పడదురా. ప్రశ్నలు ఎక్కువైతే సభకే తాళం వేస్తారు. రాశావా?"

"రాశాను."

"సైంటిస్టు ఎవరన్నా పేపరువాళ్ళతో మాట్లాడాలంటే పైనుంచి పర్మిషన్ రావాలి. వాతావరణం సంగతి సరే, చేపల గురించి మాట్లాడాలన్నా అంతే. బిల్లులు చూడు, దిండంత లావు. పైన బడ్జెట్ అని ఉంటుంది, లోపల నదులూ చెరువులూ పింఛన్లూ అన్నీ కుక్కేస్తారు. చదివేలోపు ఓటింగ్ అయిపోద్ది. ఇంకా రాసుకో, మా అత్తమామల్ని తెచ్చుకుందామని ఫైలు పెడితే..."

"బావా, ఇది నీ సొంత గొడవేమో కదా?"

"సొంత గొడవ లేనివాడు రాజకీయాల్లోకి ఎందుకొస్తాడ్రా? రాసుకో!"

రాసుకున్నాను. గంటన్నర రాసుకున్నాను. మధ్యలో ఒకే ఒక్కసారి బుద్ధి పనిచేసి, "వీటికి వాళ్ళు ఏమని జవాబు చెప్తారు బావా?" అని అడిగాను.

"వాళ్ళ జవాబు నీకెందుకురా? నువ్వేమన్నా వాళ్ళ ప్రధానివా?" అన్నాడు బావ.

పార్లమెంటు రోజు వచ్చింది. బావ ఆవేశమంతా ఇంగ్లీషులోకి దింపి ఐదు పేజీల ఉపన్యాసం తయారుచేశాను. ప్రతి వాక్యమూ "వాళ్ళు" అని మొదలై చెంపదెబ్బలా ముగుస్తుంది. హారిక స్టేషన్ నుంచి నేరుగా బ్యాగుతో వచ్చి పక్కన కూర్చుంది.

"గవర్నమెంట్ గురించి మంచిగ రాసినవా?"

"ఒక్క పాయింటు వదల్లేదు."

"హమ్మయ్య. రైల్ల అంతా గదే పరేషాన్ నాకు."

గదిలో బల్లలు ఎదురెదురుగా రెండు వరసలు వేశారు. మిగతా విద్యార్థులంతా వెనక కూర్చున్నారు. ఆఖర్న చేతులెత్తి ఓటు వేయాల్సింది వాళ్ళే. ఎదుటి వరసలో యోనాస్ అనే జర్మన్ కుర్రాడు ఫైలు తెరుచుకొని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, రంగు రంగుల చీటీలు అతికించిన కాగితాలు. పాపం, పాలక పార్టీని వెనకేసుకు రావడానికి ఎంత కష్టపడ్డాడో అని జాలిపడ్డాను.

సభాపతి కుర్చీలో ఉన్న ఫ్రౌ లిండ్నర్ గంట కొట్టింది. "ఇప్పుడు గౌరవనీయులైన కెనడా ప్రధానమంత్రి మాట్లాడతారు" అంది.

నేను చేతులు కట్టుకొని యోనాస్ వైపు చూశాను. యోనాస్ నా వైపు చూశాడు. నేను మర్యాదగా నవ్వాను. అతనూ నవ్వాడు. గదిలో ఎవరో దగ్గారు. ఫ్రౌ లిండ్నర్ కళ్ళజోడు సవరించుకుంది. హారిక మోచేత్తో నా డొక్కలో పొడిచింది.

"లే!"

"ప్రధానిని పిలిచారు హారికా. ఆయన అయ్యాక మనం."

"ఆయన ఎవరు? నువ్వే కదా ప్రైమ్ మినిస్టర్!"

"మనం ప్రతిపక్షం కదా?"

హారిక నా చేతిలోని కాగితాల వైపు చూసింది. "సుధీర్... ఆ పేపర్లల్ల ఏం రాసినవ్?"

లేచి నిలబడ్డాను. మంచినీళ్ళ గ్లాసు అందుకొని నెమ్మదిగా తాగాను. ఒక మనిషి ఒక గ్లాసు నీళ్ళు ఎంతసేపు తాగగలడో ఆ రోజు కాట్‌బస్ చూసింది. ఆ నీళ్ళ అడుగున నాకు విదేశీయుల ఆఫీసు ఆవిడ వేలు కనిపించింది. హారిక మ్యూనిక్ రైలు దిగి ఏడుస్తూ వెనక్కి రావడం కనిపించింది.

"ఏదో ఒకటి చెప్పు," హారిక పళ్ళ మధ్య నుంచి అంది. "మనల్ని మనం పొగుడుకో, సాలు."

అప్పుడు నా బుర్రలో ఒక మెరుపు మెరిసింది. దయచేసి ఆ మెరుపును జాగ్రత్తగా చూడండి. నా ఉపన్యాసంలో అంతా "వాళ్ళు, వాళ్ళు" అని ఉంది కదా. మేమే ప్రభుత్వం కాబట్టి, "వాళ్ళు" ఉన్నచోటల్లా "మేము" అని చదివేస్తే సరిపోతుంది! తక్కిందంతా అలాగే ఉంచొచ్చు! ఆ క్షణంలో అది నాకు ఇంజనీరింగ్‌లాగే కనిపించింది. తీగ ఒక వైపు నుంచి పీకి రెండో వైపు తగిలించడం.

"అధ్యక్షా!" అని మొదలుపెట్టాను. "మాకు ప్రశ్నలంటే పడదు. ప్రశ్నలు ఎక్కువైతే మేము సభకే తాళం వేస్తాం!"

గది నిశ్శబ్దమైంది. బాగా పండుతోందనుకున్నాను. గొంతు పెంచాను.

"మన సైంటిస్టులు నోరు విప్పాలంటే మా అనుమతి కావాలి. చేపల గురించి మాట్లాడాలన్నా మేము ఒప్పుకోం! దిండంత బిల్లు తెచ్చి, దాని పేరు బడ్జెట్ అంటాం. ఎవరూ చదవకముందే ఓటేయిస్తాం. ఎందుకంటే, అధ్యక్షా, చదివితే మీరు ఒప్పుకోరని మాకు తెలుసు!"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. హారిక నా కోటు కింది అంచు పట్టుకొని లాగింది. ఆపమని కాబోలు. నేను గట్టిగా చెప్పమంటోందనుకున్నాను.

"ఒక మామూలు కుటుంబం," అని బల్ల చరిచాను, "తన అత్తమామల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తోంది. ఆ ఫైలు ఎక్కడుంది? మా దగ్గరే ఉంది! మేమే దాని మీద కూర్చున్నాం! సిగ్గు! మాకు సిగ్గు లేదా అధ్యక్షా?"

ఇక్కడికి వచ్చేసరికి నాకే ఏదో తేడాగా వినిపించింది. అయితే చేతిలో ఇంకా రెండు పేజీలున్నాయి, ఆపితే మౌనం ఉంది. మౌనం కంటే పేజీలే మేలనిపించింది. చదువుతూనే పోయాను. చెమట చొక్కా దాటి కోటులోకి వచ్చింది. చివరి వాక్యం మార్చడం మరిచి, "ఈ ప్రభుత్వాన్ని ఇంటికి పంపండి!" అని గర్జించి కూలబడ్డాను.

హారిక రెండు చేతులతో ముఖం కప్పుకొని ఉంది.

ఫ్రౌ లిండ్నర్ కాగితం అడ్డం పెట్టుకుంది. కాగితం వణుకుతోంది. కోపమో మరేదో తెలియలేదు. "ఇప్పుడు... ప్రతిపక్ష నాయకులు," అంది.

యోనాస్ లేచాడు. నేను మాట్లాడుతున్నంతసేపూ అతను తన కాగితం మీద ఒక్కో పాయింటూ కొట్టేస్తూ వచ్చాడని అప్పుడు చూశాను. మూడు పేజీల్లో ఒక్క వాక్యమూ మిగల్లేదు. తాళం, సైంటిస్టులు, బిల్లులు, అన్నీ అయిపోయాయి. నియమం ప్రకారం అతను ఐదు నిమిషాలు మాట్లాడి తీరాలి. జర్మన్ కుర్రాడు, నియమాన్ని దాటడు.

"గౌరవనీయ ప్రధానమంత్రి చెప్పినదానితో నేను ఏకీభవిస్తున్నాను," అని గొంతు సవరించుకున్నాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. ఇంకా నాలుగున్నర నిమిషాలున్నాయి. "అయితే... ప్రధానమంత్రి తనను తాను మరీ కఠినంగా నిందించుకుంటున్నారని నాకనిపిస్తోంది. అధ్యక్షా, ప్రభుత్వం నడపడం అంత తేలిక కాదు. కొన్ని మంచి పనులు కూడా జరిగే ఉంటాయి..."

అలా ప్రతిపక్ష నాయకుడు నాలుగున్నర నిమిషాలు ప్రభుత్వాన్ని ఓదార్చాడు.

ఓటింగ్ పెట్టారు. ప్రభుత్వం వైపు చేతుల అడవి లేచింది. ప్రతిపక్షానికి ఆరో ఏడో లేచాయి, అందులో ఒకటి ఎవరో జుట్టు సర్దుకోవడానికి ఎత్తింది. కన్సర్వేటివ్ ప్రభుత్వం చరిత్రలో లేనంత మెజారిటీతో నిలబడింది. ముందు వరసలో కూర్చున్న అమ్మాయి పక్కదానితో, "కనీసం నిజం చెప్పాడు కదా" అనడం నా చెవిన పడింది.

గెలిచాం. అయితే మార్కు వేసేది ఓటర్లు కాదు. "గురువారం పదింటికి మీరిద్దరూ నా ఆఫీసుకు రండి," అంది ఫ్రౌ లిండ్నర్, నవ్వకుండా.

గురువారానికి రెండు రోజులుంది. ఆ రెండు రోజులూ హారిక నాతో మాట్లాడలేదు. ఒకే ఒక్క మెసేజ్ పంపింది: "ఇంకోసారి నేనున్నానుగా అనకు." నేను గదిలో కూర్చొని, దేశం వదిలి వెళ్ళాల్సి వస్తే ప్రెషర్ కుక్కర్ ఎవరికివ్వాలి, సైకిల్ ఎవరికివ్వాలి అని జాబితా రాసుకున్నాను. బావ నుంచి ఆరుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

గురువారం పదింటికి ఇద్దరం ఆఫీసులో నిటారుగా కూర్చున్నాం.

"ఈ వ్యూహం ఎవరి ఆలోచన?" అంది ఫ్రౌ లిండ్నర్. "ఎదుటివాడి వాదనలన్నీ ముందే మనమే చెప్పేసి, వాడికేమీ మిగలకుండా చేయడం. ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ ఇంత ధైర్యం చేయలేదు."

బల్ల కింద హారిక నా కాలు తొక్కింది. ఆ తొక్కుడుకు అర్థం "ఔను నాదే అను" అని, ఏ భాషలోనైనా. నేను నోరు తెరిచాను. ఏం చేయను, భయంలో నాకు అబద్ధం రాదు. అది నా జబ్బు.

"వ్యూహం కాదండీ," అని ఫోన్‌లో మెయిల్ తెరిచి చూపించాను. "ఈ చివరి మాట నాకు అర్థం కాలేదు."

"సచ్చినం," అంది హారిక మెల్లగా, తెలుగులో.

ఫ్రౌ లిండ్నర్ మెయిల్ చూసింది. నన్ను చూసింది. మళ్ళీ మెయిల్ చూసింది. తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఏడుస్తోందేమో అని మేము కంగారుపడేంతగా నవ్వింది. పక్క గదిలోంచి ఎవరో తలుపు తెరిచి చూసి వెళ్ళారు.

ఆఖరికి కళ్ళు తుడుచుకొని లెక్క చెప్పింది. అప్పగించిన పని చేయలేదు కాబట్టి అందులో ఫెయిల్. సభను ఒప్పించడంలో క్లాసుకే మొదటి స్థానం. రెండూ కలిపి సగం చేస్తే పాస్. హారిక ప్రశ్నలకు చక్కగా సిద్ధమైందని ఆమె నోట్సు చూసి రాసుకుంది కూడా. "ఒక్క షరతు," అంది నాతో. "వచ్చే సెమిస్టర్ నా జర్మన్ క్లాసులో చేరాలి. మొదటి బెంచీలో."

బయటికొచ్చాక హారిక వరండాలో గోడకు ఆనుకొని, ఏడ్చిందో నవ్విందో తెలియకుండా రెండూ చేసింది. "నువ్వు మనిషివా, ఇంకేమన్ననా?" అంది. ఆ వారమే కాగితం పట్టుకొని ఉంటర్‌ఫ్యోరింగ్ వెళ్ళింది. నేను టెర్మిన్‌కి వెళ్ళాను. ఆవిడ వేలు ఖాళీ లేని గడి మీద ఒక క్షణం ఆగి, ముందుకు సాగింది.

మిగిలింది బావ. ఏడోసారి ఫోన్ ఎత్తక తప్పలేదు.

"ఏరా, ఏమైపోయావ్? మన పాయింట్లన్నీ చెప్పావా?"

"ఒక్కటి వదల్లేదు బావా."

"ప్రభుత్వం పడిపోయిందా?"

"లేదు బావా. గెలిచింది. భారీ మెజారిటీతో."

"అదెలా? అన్ని తప్పులు బయటపెట్టాక ఎలా గెలుస్తార్రా?"

"ఆ తప్పులన్నీ చేశామని వాళ్ళ ప్రధానే ఒప్పుకున్నాడు బావా. జనానికి నచ్చింది."

"ఎవడ్రా ఆ ప్రధాని?"

చెప్పాను. బావ గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు అన్నాడు:

"ఒరేయ్ సుధీరూ, ఈ సంగతి ఎక్కడా చెప్పబాక. ఇక్కడి వాళ్ళకి తెలిసిందంటే ఇదే మొదలుపెడతార్రా. ఇక ఈ జన్మకి మేం గెలవం."

ఆ సాయంత్రం కొత్త పర్మిట్ మీద కుడిచెయ్యి పెట్టి, గోడకున్న అద్దం సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక మీదట ఎవరు ఎంత ప్రేమగా పిలిచినా, ఎంత పెద్ద సభ అయినా, నేను ఏ పక్షం తరఫునో నోరు తెరిచి అడిగి తెలుసుకోకుండా కుర్చీలోంచి లేవను గాక లేవను. ఇన్నేళ్ళుగా ఆ నియమం తప్పలేదు. పెళ్ళిలో నాలుగు మాటలు మాట్లాడమని మైకు ఇచ్చినా సరే, ముందు పక్కవాళ్ళ చెవిలో అడుగుతాను, "నేను పెళ్ళికొడుకు వైపా, పెళ్ళికూతురు వైపా?" అని.

మొన్న అలా అడిగింది మా సొంత తమ్ముడి పెళ్ళిలో.